ఇన్‌లైన్ ఫ్యాన్ హోరు తగ్గాలంటే: రెగ్యులేటరా, పెద్ద ఫ్యానా, సైలెన్సరా?

డక్ట్ (గాలి పోయే గొట్టం) మధ్యలో బిగించే ఇన్‌లైన్ ఫ్యాన్ కొన్నవాళ్లు త్వరలోనే అడిగే ప్రశ్న ఒకటుంది: "గాలి బాగానే లాగుతోంది, కానీ ఈ హోరు భరించలేకపోతున్నాం. ఏ రెగ్యులేటర్ పెట్టమంటారు?" దీనికి నేరుగా ఒక రెగ్యులేటర్ పేరు చెప్పేస్తే చాలామందికి డబ్బు దండగే. రెగ్యులేటర్ కొన్ని రకాల చప్పుళ్లను తగ్గిస్తుంది, కొన్నింటి జోలికే పోదు, ఒక రకాన్నయితే తనే కొత్తగా పుట్టిస్తుంది. అందుకని కొనే ముందు చేయాల్సిన పని చెవి పెట్టి వినడం.

ముందు ఏ చప్పుడో తేల్చుకోండి

పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి చెబుతాను. ఫ్యాన్ పూర్తి వేగంతో తిరుగుతుండగా స్విచ్ ఆపేసి వినండి. కరెంటు పోగానే చటుక్కున మాయమైపోయే "గుంయ్" ఏదైనా ఉంటే అది మోటారు వైండింగ్‌లో (లోపలి తీగ చుట్టల్లో), ఇనుప పలకల్లో విద్యుత్తు వల్ల పుట్టే శబ్దం. 50 హెర్ట్జ్ సరఫరా ఉన్నచోట అది 100 హెర్ట్జ్ దగ్గర, 60 హెర్ట్జ్ ఉన్నచోట 120 దగ్గర మొదలవుతుంది. రెక్కలు ఇంకా తిరుగుతూనే ఉంటాయి, అది మాత్రం ఉండదు. అలా కాకుండా రెక్కల వేగంతో పాటు మెల్లగా దిగిపోయే హోరు గాలిది. దిగే దారిలో ఒకచోట హఠాత్తుగా పెరిగి మళ్లీ తగ్గే గడగడ వినిపిస్తే, ఫ్యాన్ వణుకు ఆ వేగం దగ్గర డక్ట్‌నో సీలింగ్ పలకనో కదిలిస్తోందని అర్థం. చిట్టచివర, ఫ్యాన్ ఆగబోయే ముందు గీరినట్టు వినిపించేది చాలాసార్లు బేరింగ్.

రెండో పరీక్ష: గది గ్రిల్ ఊడదీసి ఫ్యాన్ మళ్లీ వేయండి. చప్పుడు బాగా తగ్గితే దోషం గ్రిల్‌ది, దాని సందులు గాలికి చాలడం లేదు. తలుపు కొంచెం తెరిస్తే హోరు మారిందంటే గదిలోకి గాలి వచ్చే దారి లేదన్నమాట. బయటికి పోయే గాలికి సరిపడా గాలి లోపలికి రావాలి కదా. తలుపు కింద సందు లేని బాత్‌రూమ్‌లో ఎంత మంచి ఫ్యాన్ పెట్టినా ఈలలు వేస్తుంది, గాలి మాత్రం లాగదు. ఇలాంటి చోట రెగ్యులేటర్ పెడితే ఈల ఆగుతుంది నిజమే, తేమ మాత్రం గదిలోనే ఉండిపోతుంది.

వేగం తగ్గిస్తే వచ్చేదెంత, పోయేదెంత

డక్ట్ మార్చకుండా అదే ఫ్యాన్ వేగం తగ్గించినప్పుడు గాలి పరిమాణం వేగంతో పాటు సమానంగా తగ్గుతుంది. పీడనం వేగం వర్గం చొప్పున, రెక్కలు తిప్పడానికి కావలసిన శక్తి వేగం ఘనం చొప్పున పడిపోతాయి. గాలి చప్పుడుకు ఇంజనీర్లు వాడే అంచనా సూత్రం ప్రకారం వేగం 80 శాతానికి దించితే సుమారు 5 డెసిబెల్స్, 70 శాతానికి దించితే దాదాపు 8, సగానికి దించితే 15 డెసిబెల్స్ తగ్గుతాయి.

ఈ అంకెలు చెవికి ఎలా తెలుస్తాయన్నది ముఖ్యం. 3 డెసిబెల్స్ తేడాను జాగ్రత్తగా వింటే తప్ప పట్టుకోలేం. 10 డెసిబెల్స్ తగ్గితే చప్పుడు సగమైనట్టు అనిపిస్తుంది. ఆ 10 రావాలంటే వేగాన్ని ఇంచుమించు 63 శాతానికి దించాలి, అంటే మూడో వంతుకు పైగా గాలి వదులుకోవాలి. సరిగ్గా సరిపోయే ఫ్యాన్ కొన్నవాళ్లకు వదులుకోవడానికి ఏమీ ఉండదు. కావలసినదానికంటే ఒక సైజు పెద్దది కొన్నవాళ్లకే రెగ్యులేటర్ నిజంగా పనికొస్తుంది.

ఇక్కడ చాలామందికి తట్టని మార్గం ఒకటుంది. అమెరికాలో ఇళ్ల వెంటిలేషన్‌కు వాడే ఆష్రే 62.2 ప్రమాణం బాత్‌రూమ్‌కు రెండు లెక్కలు ఇస్తుంది: అవసరమైనప్పుడు మాత్రమే వేసే ఫ్యాన్ అయితే నిమిషానికి 50 ఘనపుటడుగులు, ఎప్పుడూ తిరుగుతూ ఉండేదైతే 20. గంటకు ఘనపు మీటర్లలో చెప్పుకుంటే సుమారు 85, 34. రోజంతా నెమ్మదిగా తిరిగే ఫ్యాన్‌కు సగం కంటే తక్కువ గాలి చాలు. అదే ఫ్యాన్‌ను అంత కిందికి దించితే పక్క గదిలో ఉన్నవాళ్లకు అది తిరుగుతోందన్న సంగతి కూడా తెలియకపోవచ్చు. హోరుతో పావుగంట తిప్పడమా, సడి లేకుండా రోజంతా తిప్పడమా అన్నది ఏ పరికరం కొనాలి అన్న ప్రశ్న కంటే ముందు తేలాలి. నా ఓటు రెండోదానికే, మోటారు అందుకు తగినదైతే.

రెగ్యులేటర్‌ను నిర్ణయించేది మోటారు

ఫ్యాన్ మీద అంటించిన లేబుల్, దానితో వచ్చిన వైరింగ్ బొమ్మ చూడండి. చిన్న ఇన్‌లైన్ ఫ్యాన్లలో ఎక్కువగా కనిపించేవి రెండు జాతులు. ఒకటి మామూలు ఏసీ ఇండక్షన్ మోటారు, పక్కనే ఎప్పుడూ సర్క్యూట్‌లో ఉండే కెపాసిటర్‌తో. రెండోది ఈసీ మోటారు. దాని రోటర్‌లో, అంటే తిరిగే భాగంలో, శాశ్వత అయస్కాంతాలు ఉంటాయి, లోపలే ఒక ఎలక్ట్రానిక్ బోర్డు ఉండి మెయిన్ కరెంటును మార్చుకుని మోటారును నడుపుతుంది. వేగం చెప్పడానికి దీనికి విడిగా సన్నటి సిగ్నల్ వైర్లు ఉంటాయి.

ఇండక్షన్ మోటారుకు ఇచ్చే వోల్టేజి తగ్గిస్తే వేగం తగ్గుతుంది అంటాం కానీ అసలు జరిగేది వేరు. దాని సహజ వేగాన్ని నిర్ణయించేది సరఫరా ఫ్రీక్వెన్సీ, పోల్స్ (మోటారులోని అయస్కాంత ధ్రువాలు) సంఖ్య. 50 హెర్ట్జ్ మీద రెండు పోల్స్ మోటారుకు నిమిషానికి 3000 చుట్లు, నాలుగు పోల్స్ అయితే 1500. వోల్టేజి తగ్గితే ఈ అంకె మారదు. మోటారుకు పట్టు సడలుతుంది, అంతే. పట్టు సడలి, గాలి బరువు లాగలేక వెనకబడుతుంది. అలా వెనకబడినంత మేరా శక్తి రోటర్‌లో వేడిగా పోతుంది. నాబ్ మొదటి భాగం తిప్పినంతసేపూ ఏమీ జరగనట్టుండి, తర్వాత వేగం ఒక్కసారిగా పడిపోవడానికి కారణం ఇదే. వేగం సగం చేసినా కరెంటు బిల్లు ఎనిమిదో వంతుకు ఎందుకు రాదో కూడా ఇక్కడే తెలుస్తుంది.

ఇంకో హెచ్చరిక. కొన్ని పెద్ద మోటార్లలో మొదలవడానికి మాత్రమే పనిచేసే ప్రత్యేక వైండింగ్, వేగం అందుకోగానే దాన్ని విడదీసే సెంట్రిఫ్యూగల్ స్విచ్ ఉంటాయి. అలాంటిదానికి వోల్టేజి తగ్గించే రెగ్యులేటర్ ఏదీ పెట్టకూడదు. వేగం ఒక హద్దు దాటి పడిపోతే ఆ స్విచ్ మళ్లీ మూసుకుంటుంది, స్టార్టింగ్ వైండింగ్ కాలిపోతుంది. "వేగ నియంత్రణకు అనువైనది" అని తయారీదారు రాయని మోటారును వదిలేయడమే మంచిది.

ట్రయాక్ రెగ్యులేటర్: చవక, కానీ గుంయ్‌మంటుంది

గోడ మీద గుండ్రటి నాబ్‌తో వచ్చే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు ఎక్కువగా ఈ రకమే. ఏసీ తరంగంలో ప్రతి అర్ధభాగంలో కొంత ముక్క కోసేసి మిగతాది మోటారుకు పంపుతాయి. చిన్నగా ఉంటాయి, చవక, నాబ్‌ను ఎక్కడైనా ఆపుకోవచ్చు. బాధల్లా ఆ కోతతోనే. తరంగం నునుపుగా లేచి దిగాల్సింది పోయి సెకనుకు 100 లేదా 120 సార్లు గోడలా నిలువుగా లేస్తుంది. ప్రతి దెబ్బకూ వైండింగ్ అదురుతుంది. గాలి హోరు తగ్గిన ఆనందం తీరకముందే దాని కింద దాగి ఉన్న గుంయ్ బయటపడుతుంది. నాబ్ మధ్యలో ఉన్నప్పుడు తరచూ ఎక్కువగా వినిపిస్తుంది, ఎందుకంటే తరంగం శిఖరం దగ్గర కోత పడేది అక్కడే.

హోరు కంటే ఈ గుంయ్ మనిషిని ఎక్కువ విసిగిస్తుంది. హోరులో అన్ని స్వరాలూ కలిసి ఉంటాయి కాబట్టి చెవి కాసేపటికి దాన్ని పక్కన పెట్టేస్తుంది. ఒకే శ్రుతిలో సాగే శబ్దాన్ని అలా పక్కన పెట్టలేదు, రాత్రిపూట అసలే పెట్టలేదు.

అయినా ట్రయాక్‌ను పూర్తిగా కొట్టిపారేయను. ఫ్యాన్ అటక మీదో, బయటి గోడ అవతలో ఉండి, మధ్యలో కొన్ని మీటర్ల డక్ట్ ఉంటే ఆ గుంయ్ మీదాకా రాకపోవచ్చు. ఒక్కో మోటారుకు ఒక్కో రకంగా ఉంటుంది కూడా. తిరిగి ఇచ్చే వీలున్న చోట కొని వారం రోజులు చూడండి. కాకపోతే కొన్ని షరతులు. బల్బుల డిమ్మర్ వాడకూడదు, మోటారుకు అని స్పష్టంగా రాసినదే కావాలి. దాని రేటింగ్ ఫ్యాన్ లాగే కరెంటుకు సరిగ్గా సమానంగా కాకుండా కొంత పైన ఉండాలి. అలాగని మరీ పెద్దది తెస్తే చిన్న ఫ్యాన్ లాగే కొద్దిపాటి కరెంటు దాన్ని నిలకడగా ఆన్‌లో ఉంచలేక ఫ్యాన్ తడబడుతుంది. కనీస లోడ్ ఎంతో పెట్టె మీద చూసుకోండి.

మోటారుకు అని చేసిన రెగ్యులేటర్లలో చాలావాటికి నాబ్ ఆన్ చేయగానే పూర్తి వేగం వస్తుంది, తిప్పేకొద్దీ తగ్గుతుంది. తిరగేసి బిగించారని అనుకోవద్దు. మోటారుకు మొదలయ్యేటప్పుడు బలం కావాలి కనుక కావాలనే అలా చేస్తారు. చాలావాటిలో మూత కింద చిన్న స్క్రూ కూడా ఉంటుంది, కనీస వేగం అమర్చుకోవడానికి. ఎలక్ట్రీషియన్ బిగించి వెళ్లిపోయే ముందే దాన్ని సరిచేయించుకోండి. ఫ్యాన్ ఆగిపోయి లోపల కరెంటు మాత్రం పారుతూ ఉండే స్థితి అన్నిటికంటే ప్రమాదకరం. గాలి లేదు, చల్లబడే దారి లేదు, వేడెక్కితే కరెంటు ఆపేసే థర్మల్ కటాఫ్ ఒక్కటే కాపాడాలి.

సీలింగ్ ఫ్యాన్ రెగ్యులేటర్ పనికొస్తుందా?

మెట్లు మెట్లుగా తిరిగే కొత్తరకం సీలింగ్ ఫ్యాన్ రెగ్యులేటర్లలో కెపాసిటర్లు ఉంటాయి. అవి తరంగాన్ని కోయవు కాబట్టి గుంయ్ ఉండదు, వేడెక్కవు కూడా. ఇంకేం, ఇదే పెట్టేద్దాం అనిపిస్తుంది. చిక్కేమిటంటే ఆ కెపాసిటర్ విలువలు సీలింగ్ ఫ్యాన్ వైండింగ్‌కు లెక్కగట్టినవి. ఇన్‌లైన్ ఫ్యాన్ మోటారు వేగం, వైండింగ్ వేరు. రెండు మూడు మెట్లకు తేడాయే లేకపోవడం, ఒక మెట్టు దగ్గర అసలు తిరగకపోవడం మామూలు. కెపాసిటర్, వైండింగ్ ఒకదానికొకటి అనునాదంలోకి వస్తే మోటారు మీద వోల్టేజి తగ్గాల్సింది పోయి పెరిగే అవకాశమూ ఉంది. ఫ్యాన్ తయారీదారే ఫలానా కెపాసిటర్ రెగ్యులేటర్ వాడమంటే నిశ్చింతగా వాడండి. ఇంట్లో ఒకటి ఖాళీగా ఉంది కదా అని మాత్రం వద్దు.

ఆటో ట్రాన్స్‌ఫార్మర్: ఉన్న ఫ్యాన్‌కు నా మొదటి సిఫారసు

ఏసీ ఫ్యాన్ ఇప్పటికే బిగించి ఉంది, మార్చే ఉద్దేశం లేదు, చప్పుడు మాత్రం తగ్గాలి అంటే ఇదే. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని నిజంగా తగ్గిస్తుంది. తరంగం ఆకారం చెక్కుచెదరదు, మొత్తంగా పొట్టిదవుతుంది, అంతే. అందువల్ల మోటారు గుంయ్ పెరగకపోగా వోల్టేజితో పాటు తగ్గుతుంది. సాధారణంగా 5 మెట్లతో వస్తుంది. నాబ్‌లా ఎక్కడంటే అక్కడ ఆపుకునే వీలు లేకపోయినా, ఒకసారి అలవాటైన మెట్టు దగ్గర పెట్టి మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

లోపాలూ ఉన్నాయి. బరువు, పరిమాణం, ట్రయాక్ కంటే కొన్ని రెట్లు ఎక్కువ ఖరీదు. ట్రాన్స్‌ఫార్మర్ తానే సన్నగా పాడుతుంది, కాబట్టి దాన్ని మంచం తలవైపు గోడకు బిగించవద్దు. మోటారు వెనకబడి వేడెక్కే సంగతి దీనితోనూ తప్పదు. అతి తక్కువ మెట్టు మీద ఫ్యాన్ కచ్చితంగా మొదలవుతోందా లేదా అన్నది చల్లటి రోజున, బేరింగ్ గ్రీజు గట్టిపడి ఉన్నప్పుడు చూడాలి.

కొన్ని ఫ్యాన్లకు వైండింగ్‌లోనే రెండు మూడు వేగాల వైర్లు బయటికి తీసి ఉంటాయి. అలాంటిదానికి మామూలు సెలెక్టర్ స్విచ్ చాలు. లేబుల్ చూడకుండా రెగ్యులేటర్ల వెంట పరిగెత్తకండి.

ఈసీ ఫ్యాన్: కొత్తగా కొంటుంటే

ఇంకా ఏదీ కొనలేదంటే ఈసీ వైపే మొగ్గుతాను. దీని వేగం వోల్టేజి సడలింపుతో వచ్చేది కాదు. బోర్డు ఎంత వేగం కావాలో లెక్కపెట్టి అంతే తిప్పుతుంది. తక్కువ వేగంలో కూడా పట్టు ఉంటుంది, వెనకబాటు వేడి ఉండదు, వాట్లు నిజంగానే బాగా పడిపోతాయి. రోజంతా నెమ్మదిగా తిప్పుకునేవాళ్లకు ఈ తేడా నెలలు గడిచేకొద్దీ తెలుస్తుంది.

సిగ్నల్ ఎక్కువగా 0 నుంచి 10 వోల్టుల మధ్య ఉంటుంది, లేదంటే పీడబ్ల్యూఎం, అంటే వెడల్పు మారే పల్సులతో వేగం చెప్పే సిగ్నల్. చాలా మోడళ్లు తామే 10 వోల్టులు బయటికి ఇస్తాయి, 10 కిలో ఓమ్‌ల పొటెన్షియోమీటర్ ఒకటి కలిపితే నాబ్ తయారు. కొన్ని ఫ్యాన్లు 0 వోల్టుల దగ్గర ఆగిపోతాయి, కొన్ని కనీస వేగంతో తిరుగుతూనే ఉంటాయి. ఇది ముందే చదువుకోవాలి. సిగ్నల్ వైరును మెయిన్ వైర్లతో కలిపి ఒకే పైపులో లాగితే వేగం ఊగిసలాడవచ్చు.

ఈసీ ఫ్యాన్ ముందు ట్రయాక్ గానీ ట్రాన్స్‌ఫార్మర్ గానీ పెట్టకూడదు. కోసిన తరంగం లోపలి బోర్డుకు పడదు, కాలిపోతే మార్చాల్సింది చాలాసార్లు ఫ్యాన్ మొత్తాన్నీ. అలాగే పదే పదే మెయిన్ స్విచ్‌తో ఆపి వేయకుండా సిగ్నల్‌తో ఆపడం మేలు. ఆన్ చేసిన క్షణంలో లోపలి కెపాసిటర్లు ఒక్కసారిగా లాగే కరెంటుకు చిన్న టైమర్ల రిలే కాంటాక్టులు అతుక్కుపోయే ప్రమాదం ఉంది.

ఈసీ అంటే నిశ్శబ్దం అని మాత్రం అనుకోవద్దు. అదే రెక్క, అదే వేగం, అదే డక్ట్ అయితే గాలి హోరు అంతే ఉంటుంది. కొన్ని మోడళ్లు బాగా నెమ్మదించినప్పుడు సన్నటి కీచు కూడా వినిపిస్తుంది.

తరచూ ఎదురయ్యే తప్పుడు దారులు

ఫ్రీక్వెన్సీ మార్చే డ్రైవ్ పెడదామని కొందరు అంటారు. అది మూడు ఫేజుల మోటారుకు చక్కటి జోడీ. ఇంటి ఇన్‌లైన్ ఫ్యాన్‌లో ఉండే సింగిల్ ఫేజ్ కెపాసిటర్ మోటారుకు కాదు. డక్ట్‌లో డ్యాంపర్ (గాలిని అడ్డుకునే పలక) మూసి గాలి తగ్గిద్దామంటే, మోటారు అదే వేగంతో తిరుగుతూ ఉండగా ఇరుకు సందులో గాలి గీ పెడుతుంది. గాలి తగ్గి చప్పుడు పెరిగే మార్గం ఇది. రెండు గదుల మధ్య గాలిని పంచడానికి డ్యాంపర్ కావాలి, వేగానికి బదులుగా కాదు.

పాతకాలపు తీగచుట్ట రెగ్యులేటర్ గుంయ్‌మనదు, నిజమే. వోల్టేజిని వేడిగా మార్చి పారేస్తుంది, అంతకుమించి చెప్పుకోవడానికి ఏమీ లేదు.

డక్ట్ వెడల్పు చేసే మేలు

రెగ్యులేటర్ల గురించి ఇంత చెప్పాక ఈ మాట వింతగా అనిపించవచ్చు. అయినా నేను చూసినంతలో ఎక్కువ ఇళ్లలో హోరుకు మూలం ఫ్యాన్ కాదు, ఇరుకు డక్ట్. లెక్క చూడండి. గంటకు 150 ఘనపు మీటర్ల గాలి 100 మిల్లీమీటర్ల డక్ట్‌లో పోవాలంటే సెకనుకు 5.3 మీటర్ల వేగం కావాలి. 125 మిల్లీమీటర్లయితే 3.4, 150 అయితే 2.4. పడుకునే గది దగ్గర గాలి వేగం సెకనుకు 3 మీటర్ల లోపు ఉంటే హాయి, 5 దాటితే గ్రిల్ దగ్గర గాలి మాట్లాడుతుంది. రాపిడి అయితే ఇంకా తేడాగా మారుతుంది. అదే గాలికి 100 నుంచి 150కి వెళ్తే రాపిడి సుమారు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. రాపిడి తగ్గితే అదే గాలికి ఫ్యాన్ తక్కువ వేగంతో తిరిగితే చాలు. అంటే ఒక్క మార్పుతో రెండు చోట్ల చప్పుడు తగ్గింది, రెగ్యులేటర్‌కు దించుకోవడానికి చోటూ దొరికింది.

మెత్తటి ముడతల డక్ట్ వాడితే దాన్ని బాగా లాగి బిగించాలి. అకార్డియన్‌లా సగం మూసుకుని వేలాడే డక్ట్ రాపిడిని ఎన్నో రెట్లు పెంచుతుంది. ఫ్యాన్ నోటి దగ్గరే మలుపు పెట్టకండి. లోపలికి వచ్చే గాలి సుడులు తిరుగుతూ రెక్కలను తాకితే అక్కడే గరగర పుడుతుంది. నోటి ముందు డక్ట్ వ్యాసానికి మూడు నుంచి ఐదు రెట్ల పొడవు మలుపు లేకుండా తిన్నగా ఉంటే చాలు.

ఇక పెద్ద ఫ్యాన్‌ను నెమ్మదిగా తిప్పడమా, చిన్నదాన్ని పూర్తి వేగంతోనా అంటే, చోటు ఉన్నంతవరకు పెద్దదే. అయితే మరీ అతికి పోవద్దు. అవసరానికి నాలుగింతల ఏసీ ఫ్యాన్ కొని ఎప్పుడూ అట్టడుగు మెట్టు మీద ఉంచితే మోటారు ఆయుష్షు తగ్గుతుంది. మీకు కావలసిన గాలి ఆ ఫ్యాన్ 60–70 శాతం వేగం దగ్గర వచ్చేలా చూసుకోండి. కావలసిన గాలి అంటే పెట్టె మీద పెద్ద అక్షరాల్లో రాసినది కాదు. అది డక్ట్ ఏదీ తగిలించకుండా కొలిచినది. పీడనానికీ గాలికీ మధ్య గీసిన గ్రాఫ్ చూడాలి.

సైలెన్సర్, వేలాడదీత

గాలి హోరు డక్ట్ గుండా గదిలోకి వస్తుంటే, వేగం తగ్గించే వీలు లేకపోతే, సైలెన్సర్ ఉపయోగపడుతుంది. లోపల చిల్లుల గొట్టం, చుట్టూ ఉన్ని లాంటి పీచు, ఒక మీటరు లోపు పొడవు. ఫ్యాన్‌కూ మీ చెవికీ మధ్య, ఫ్యాన్‌కు దగ్గరగా పెట్టాలి. మధ్య, హెచ్చు స్వరాలను ఇది బాగా మింగేస్తుంది. 100 హెర్ట్జ్ గుంయ్ దీన్ని దాదాపు లెక్కచేయదు. ట్రయాక్ పుట్టించిన గుంయ్‌కు సైలెన్సర్ కొనడం, రోగం ఒకటైతే మందు ఇంకొకటి ఇచ్చినట్టే. చోటు లేనిచోట పీచు చుట్టిన ఇన్సులేటెడ్ డక్ట్ ఒకటి రెండు మీటర్లు వాడినా కొంత మేలు.

వణుకు సంగతి వేరు. ఫ్యాన్‌ను చెక్క దూలానికో సన్నటి సీలింగ్ పలకకో నేరుగా స్క్రూలతో బిగిస్తే ఆ పలక మొత్తం స్పీకర్ అవుతుంది. రబ్బరు బుష్‌ల మీద గానీ, పట్టీలతో వేలాడదీసి గానీ ఉంచి, రెండువైపులా డక్ట్‌ను మెత్తటి కాలర్‌తో కలపండి. ఖర్చు స్వల్పం. చాలా ఇళ్లలో ఈ ఒక్క పనితో సగం గొడవ తీరుతుంది, అందుకే రెగ్యులేటర్ కొనేముందే ఇది చేసి చూడమంటాను.

పెట్టె మీది డెసిబెల్స్

రెండు ఫ్యాన్లను పోల్చేటప్పుడు ఎంత దూరం నుంచి కొలిచారో చూడకపోతే ఆ అంకెకు అర్థం లేదు. ఆరుబయట లాంటి చోట 3 మీటర్ల దగ్గర 30 డెసిబెల్స్ అంటే 1 మీటరు దగ్గర దాదాపు 39.5. దూరం రాయని కంపెనీ ఏ దూరం ఎంచుకుని ఉంటుందో మీరే ఊహించుకోండి. పైగా ఇంట్లో వాడే అంకెలు ఎక్కువగా ఏ-వెయిటింగ్‌తో, అంటే మన చెవి వినే తీరుకు తగ్గట్టు సర్ది, లెక్కగట్టినవి. అందులో 100 హెర్ట్జ్ దగ్గరి శబ్దానికి 19 డెసిబెల్స్ తగ్గించి వేస్తారు. గుంయ్‌మనే ఫ్యాన్ కాగితం మీద బుద్ధిమంతుడిలా కనిపించడానికి ఇది ఒక కారణం. అంకె ఫ్యాన్ తొడుగు గోడల గుండా బయటికి వచ్చే చప్పుడుదా, డక్ట్ నోటి నుంచి వచ్చేదా అన్నది కూడా వేరు వేరుగా ఇచ్చే కంపెనీని ఎక్కువ నమ్ముతాను.

ఎవరికి ఏది

బాత్‌రూమ్ ఫ్యాన్ అయి, పక్కనే పడకగది ఉంటే చిన్న ఈసీ ఫ్యాన్, ఎప్పుడూ తక్కువ వేగం, తేమ పెరిగితే ఎక్కువ వేగం. తేమ సెన్సర్ తీసుకుంటే వేగం మెల్లగా పెరిగే రకం చూడండి. నిమిషానికోసారి ఆగి మొదలయ్యే ఫ్యాన్ స్థిరంగా తిరిగే హోరు కంటే ఎక్కువ నిద్ర పాడుచేస్తుంది. మొక్కలు పెంచే గది, సర్వర్ అల్మరా లాంటి చోట వేడిని బట్టి వేగం మారాలి కాబట్టి అక్కడా ఈసీయే, 0–10 వోల్టుల ఉష్ణోగ్రత కంట్రోలర్‌తో. కార్బన్ ఫిల్టర్ కూడా ఉంటే దాని అడ్డుపాటు కలిపి ఒక సైజు పెద్దది తీసుకోవాలి.

మైక్ పెట్టి రికార్డింగ్ చేసుకునే గదికి ట్రయాక్ ఊసే ఎత్తవద్దు. గుంయ్‌తో పాటు వైర్లలోకి విద్యుత్ రొద కూడా ఎక్కుతుంది. వెడల్పు డక్ట్, సైలెన్సర్, గది బయట ఫ్యాన్. వర్క్‌షాప్‌లో, గిడ్డంగిలో అయితే ట్రయాక్‌తో సరిపెట్టుకోవచ్చు, అక్కడి మిగతా చప్పుళ్లలో అది కలిసిపోతుంది. అద్దె ఇంట్లో డక్ట్ ముట్టుకునే వీలు లేనివాళ్లకు ట్రాన్స్‌ఫార్మర్, రబ్బరు బుష్‌లు, పెద్ద సందుల గ్రిల్ మిగిలిన దారులు.

గ్యాస్ గీజర్ లాంటివి, రసాయనాల ఆవిర్లు, వెల్డింగ్ పొగ ఉన్నచోట ఈ పోలికలేవీ వర్తించవు. అక్కడ గాలి పరిమాణాన్ని ముందు నిర్ణయించి, దానికి చప్పుడును సర్దుకోవాలి.

ఏది బిగించినా చివరికి ఒక పని మిగులుతుంది. వేగాన్ని మెల్లగా దించుతూ గ్రిల్ దగ్గర పల్చటి టిష్యూ కాగితం పట్టుకోండి. కాగితం అతుక్కుని నిలబడినంతవరకు గాలి లాగుతోందని తెలుస్తుంది, ఎంత లాగుతోందో తెలియదనుకోండి. ఇంకా దించితే బయటి గోడ దగ్గర, వెనుకగాలి లోపలికి రాకుండా ఆపే ఫ్లాప్ పూర్తిగా తెరుచుకోలేక టకటకమని కొట్టుకోవడం మొదలవుతుంది. ఆ టకటక మొదలైన చోటుకు కొంచెం పైన, ఫ్యాన్ ఆపి వేస్తే తడబడకుండా మళ్లీ మొదలయ్యే చోట, రెగ్యులేటర్ మీద స్కెచ్ పెన్‌తో గీత గీయండి. ఫ్లాప్ అక్కడ కూడా కొట్టుకుంటుంటే లోహపు రెక్కల ఫ్లాప్ తీసేసి తేలికపాటి పొర ఉన్నది పెట్టించండి.